పాత కారు, కొత్త భాగాలు
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో పూర్వ విద్యార్థుల సభ యందు చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద నిలిచి మాట్లాడవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. ఈ పాఠశాలలో చదివినవారిలో వైద్యులున్నారు, న్యాయవాదులున్నారు, కళాశాల ఆచార్యులున్నారు. నేను మోటారు మెకానిక్కును. నలభై ఏళ్ళకు పైగా గ్రీజు అంటిన చేతులతో బ్రతికినవాణ్ణి. కార్యదర్శిగారు మా షెడ్డుకు వచ్చి, "మీ వృత్తిని గురించి మీరే చెప్పండి, పిల్లలు వినాలి" అన్నప్పుడు కాదనలేకపోయాను. అందువలన నాకు తెలిసిన ఒకే ఒక విషయం చెబుతాను. పాత కారును బాగుచేసేటప్పుడు దానిలో కొత్తకాలపు భాగాలను, ముఖ్యంగా వేగం కొరకు తయారైన స్పోర్ట్సు కార్ల భాగాలను అమర్చవచ్చునా, అమరిస్తే ఎంతవరకు అన్నదే ఆ విషయం. ఇది కార్ల పిచ్చి ఉన్నవారికే పరిమితమైన ముచ్చట అని తోచవచ్చును. కాని ఈ ప్రశ్నకు నేను మొదట తప్పు సమాధానం చెప్పుకొన్నందువలన నా తోబుట్టువు ప్రాణం పోవలసినంత పని అయింది. కనుక దీనిని ముచ్చటగా చెప్పలేను.

పాత కారును బాగుచేయడంలో రెండు మార్గాలున్నాయి. మొదటిది, ఆ కారు కర్మాగారం నుండి వెలువడిన నాడు ఎట్లా ఉండెనో అట్లాగే దానిని నిలబెట్టడం. అదే రంగు, అదే కార్బురేటరు, అదే డైనమో. వీలైతే అదే మేకు. రెండవది, రూపాన్ని పాతదిగానే ఉంచి, లోపల ఇంజను, బ్రేకులు, గేరుబాక్సు, కమాన్లు మున్నగువాటిని కొత్తవిగా మార్చడం. ఈ రెండవ పద్ధతిని మా వృత్తిలో 'రెస్టోమాడ్' అంటారు. బాగుచేయడం, మార్చడం అనే రెండు మాటలను కలిపి చేసిన పేరు అది.

విదేశాలలో ఈ రెండవ మార్గం నేడు పెద్ద పరిశ్రమ అయింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2009లో ప్రారంభమైన సింగర్ అనే సంస్థ 1989–1994 మధ్య తయారైన పోర్షే 911 కార్లను విప్పి, కార్బన్ తంతువులతో చేసిన పైభాగాన్ని తొడిగి, ఇంజను శక్తిని పెంచి మరల రూపొందిస్తున్నది. ఇంగ్లండులో జాగ్వార్ ఇ-టైప్ కార్లకు ఇట్టి మరమ్మతులు చేసే ప్రసిద్ధ శాలలు ఉన్నాయి. జాగ్వార్ సంస్థ తానే 2017లో 1968 నాటి ఇ-టైప్‌కు విద్యుత్ మోటారు అమర్చి చూపింది. బ్రిటనులో పాత ట్రయంఫ్ కార్లకు మాజ్దా ఎం.ఎక్స్.-5 అనే జపాను స్పోర్ట్సు కారు ఇంజనునూ, ఐదు గేర్ల గేరుబాక్సునూ అమర్చుకొనేవారు అనేకులు. 1989లో వెలువడిన ఆ కారు 2016 నాటికి పది లక్షల సంఖ్యకు చేరింది. కనుక దాని భాగాలకు అక్కడ కొరత లేదు.

ఈ మేళవింపు మన దేశానికి మాత్రం కొత్తదా? మనం అందరం ఎక్కిన అంబాసిడరు 1950లలో ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారుకు ప్రతిరూపం. దాని రూపం పెద్దగా మారకుండానే 1992లో జపాను ఇసుజు ఇంజను అందులోకి వచ్చింది. 1985లో వచ్చిన ప్రీమియర్ 118 ఎన్.ఇ. కారుకు ఇటలీ ఫియట్ శరీరం, జపాను నిస్సాన్ ఇంజను. ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ మన మద్రాసులోనే ఉన్నది. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు 1985లో స్టాండర్డ్ 2000 అనే కారును తెచ్చారు. శరీరం రోవర్ సంస్థవారి అధునాతన రూపం. ఇంజను మాత్రం 1940లలో పుట్టిన వాన్‌గార్డు వంశానిది. అంటే కొత్త దేహంలో పాత గుండె. మూడు నాలుగేళ్ళలోనే దాని ఉత్పత్తి ఆగిపోయింది. ఒక యంత్రంలోని భాగాలన్నీ ఒకదానికొకటి సరితూగాలి అనే సత్యాన్ని ఆ కారు మాకు నేర్పింది.

ఆ మద్రాసు కర్మాగారంలోనే 1961 నుండి సుమారు పదేళ్ళు స్టాండర్డ్ హెరాల్డు అనే చిన్న కారు తయారైంది. ఈ సభలో అరవై దాటినవారికి అది గుర్తుండే ఉంటుంది. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డు పేరుతో వెలువడిన ఆ కారు రూపాన్ని ఇటలీకి చెందిన మికెలోట్టి దిద్దాడు. 948 సి.సి. ఇంజను, సుమారు 35 అశ్వశక్తి. దాని బానెట్ ముందుకు తెరుచుకొంటుంది. ఎత్తితే ముందు చక్రాలు, స్టీరింగు, ఇంజను అన్నీ కళ్ళ ముందుంటాయి. ఆ చక్రం మీదనే కూర్చుండి పని చేసుకోవచ్చును. వంటగదిలో పీట వేసుకొని కూరగాయలు తరుగుకొన్నంత సుఖం! ఆ కాలపు కార్లు అనేకం చట్రమూ శరీరమూ ఏకఖండంగా తయారవుతుండగా, హెరాల్డుకు మాత్రం వేరుగా ఉక్కు చట్రం ఉండేది. దాని మీద శరీరాన్ని మరలతో బిగించేవారు. ఈ సంగతి గుర్తుంచుకొనవలసిందిగా మనవి. తరువాత దీనితో పని ఉన్నది.

మా నాన్నగారు 1966లో అట్టి హెరాల్డును కొన్నారు. ఆయన ఒక ముద్రణాలయంలో లెక్కలు చూచేవారు. ఆ కారు కొనడం ఆయన తాహతుకు మించిన పనియే. మా అక్కయ్య, నేను వర్షం కురిసిన రోజులలో ఆ కారులోనే ఈ పాఠశాలకు వచ్చేవాళ్ళం. నాన్నగారు దానికొక నోటు పుస్తకం పెట్టారు. ఏ తేదీన ఆయిలు మార్చారు, ఎన్ని మైళ్ళు తిరిగింది, ఏ గుబ్బకు ఎంత గ్రీజు పెట్టారు, అన్నీ అందులో తెలుగులో వ్రాసేవారు. డిస్ట్రిబ్యూటరు అనే మాట పలకలేక 'నిప్పు పంచే డబ్బీ' అని వ్రాసుకొన్నారు. ఆ పుస్తకాన్ని చూచి నేను నవ్వేవాణ్ణి.

1990ల నాటికి ఆ కారు మూలపడింది. అంతకు ముందే ఆ కర్మాగారం మూతపడడంతో విడిభాగాలు దొరకడం కష్టమైంది. అప్పటికి నాకు సొంత షెడ్డు ఉన్నది, చేతిలో పని ఉన్నది, దానిని మించిన గర్వం ఉన్నది. 1996లో పుదుపేటలో పాత సామాను మధ్య ఒక 1600 సి.సి. జపాను ఇంజను కంటబడింది. విదేశంలో స్పోర్ట్సు కారులో పని చేసినది. సుమారు 100 అశ్వశక్తి గలది. అంటే హెరాల్డు ఇంజనుకు దాదాపు మూడింతలు. దానిని కొని తెచ్చాను. ఆయిలు సంపు తగులుతున్నదని చట్రంలో అడ్డుకమ్మీని కొంత కోశాను. గేరుబాక్సు పట్టలేదని లోపలి రేకును కత్తిరించాను. రెండు నెలలలో బండి కదిలింది. ఆ మొదటి దినం మౌంటు రోడ్డులో సిగ్నలు వద్ద అందరికంటె ముందు దూసుకుపోయినప్పటి ఆనందం చెప్పనలవి కాదు. నాన్నగారు మాత్రం ఒకే ప్రశ్న వేశారు: "ఆగుతుందా?" నేను నవ్వి ఊరుకొన్నాను.

ఆ సంవత్సరం వేసవిలో అక్కయ్యనూ బావగారినీ ఎక్కించుకొని ఏర్కాడు వెళ్ళాను. సేలం నుండి ఏర్కాడుకు ఇరవై కొండవంపులున్నాయి. ఎక్కేటప్పుడు బండి పక్షి వలె ఎగిరింది. దిగేటప్పుడే విధి పరీక్ష పెట్టింది. పాత ఇంజనుతో అయితే రెండవ గేరులో నెమ్మదిగా, ఇంజను పట్టు మీదనే దిగేవాళ్ళం. నేను పై గేరులో ఉంచి, రెండు వంపుల మధ్య వేగం పెంచి, ప్రతి వంపు వద్ద బ్రేకు గట్టిగా త్రొక్కుతూ వచ్చాను. సగం దారి దాటిన తరువాత బ్రేకు పెడలు మెత్తబడింది. మరి రెండు వంపులు దాటేసరికి అది నేలకు తగిలింది. కాలిన వాసన వచ్చింది. ఎదుట ఒక బస్సు ఎక్కివస్తున్నది. నేను స్టీరింగు తిప్పుతూ చేతి బ్రేకు లాగాను. వెనుక భాగం పైకి లేచింది, బండి అడ్డం తిరిగింది, పక్కకు జారి రాతి పిట్టగోడకు తగిలి ఆగింది. ఆ గోడ లేకపోతే ఈనాడు నేనిక్కడ ఉండేవాణ్ణి కాదు. అక్కయ్య కుడి మణికట్టు విరిగింది. ఆమె వీణ వాయించేది. ఎముక అతికింది కాని చేయి కొంచెం వంకరగానే నిలిచింది. వీణ ఆగిపోయింది.

ఇది ఎందుకు జరిగింది? ఈ ప్రశ్నకు సమాధానం నాకు పదవ తరగతిలోనే ఈ పాఠశాలలో చెప్పబడింది. మా భౌతికశాస్త్రం మాస్టారు నల్లబల్ల మీద 'గతిజశక్తి' అని వ్రాసి, అది వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని నాచేత పదిమార్లు చెప్పించారు. వేగం రెట్టింపు అయితే శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. మనుషులతో కలిపి 1000 కిలోల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలో సుమారు 1 లక్షా 39 వేల జౌళ్ళ శక్తి ఉంటుంది. వేగం 90 అయితే అది 3 లక్షల 12 వేలకు పైబడుతుంది. వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లు. బ్రేకులు మింగవలసిన శక్తి రెండుంబావు రెట్లు.

కొండ దిగేటప్పుడు సంగతి ఇంకను విషమం. ఏర్కాడు దారి వెయ్యి మీటర్లకు పైగా దిగుతుంది. 1000 కిలోల బండి 1000 మీటర్లు దిగితే 98 లక్షల జౌళ్ళ శక్తి విడుదల అవుతుంది. అది ఎక్కడికి పోవాలి? కొంత గాలిలో, కొంత ఇంజను నిరోధంలో పోతుంది. మిగిలినదంతా బ్రేకులలో ఉష్ణంగా మారవలసిందే. మొత్తం శక్తితో సుమారు 33 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి మరిగే వరకు కాచవచ్చును. ఇంజను పట్టును వదులుకొన్న నేను ఆ వేడిలో ఎక్కువ భాగాన్ని నాలుగు చిన్న డ్రమ్ముల మీద రుద్దాను. డ్రమ్ము బ్రేకు మూసిన గిన్నె వంటిది. లోపల పుట్టిన వేడి త్వరగా బయటికి పోదు. డ్రమ్ము వ్యాకోచిస్తుంది, లైనింగు పట్టు కోల్పోతుంది, చివరకు బ్రేకు ద్రవం మరిగి బుడగలు పుడతాయి. ద్రవాన్ని ఒత్తితే ఒత్తిడి చక్రానికి చేరుతుంది; బుడగను ఒత్తితే అది నలుగుతుంది, అంతే. పెడలు నేలకు తగలడం అందువల్లనే.

రెండవ కారణం వెనుక చక్రాల అమరిక. హెరాల్డు వెనుక ఇరుసు రెండు ముక్కలు. మధ్యనున్న డిఫరెన్షియలు వద్ద మాత్రమే కీలు ఉండి, చక్రాలు పక్షి రెక్కల వలె పైకీ క్రిందికీ ఊగుతాయి. వాటిని ఒక అడ్డకమాను కట్ట మోస్తుంది. నెమ్మదిగా పోయే బండికి ఇది హాయినిస్తుంది. కాని వంపులో హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనుక భాగం పైకి లేస్తుంది; అప్పుడు చక్రాల అడుగులు లోపలికి ముడుచుకొని నేలమీద పట్టు జారిపోతుంది. అమెరికాలో ఇట్టి ఇరుసుగల కార్వెయిర్ కారును గురించి రాల్ఫ్ నాడర్ 1965లో గ్రంథం వ్రాసి దేశమంతటా అలజడి రేపిన సంగతి ప్రసిద్ధమే. 35 అశ్వశక్తి ఉన్నప్పుడు నిద్రపోయిన ఆ లోపాన్ని 100 అశ్వశక్తితో నేను లేపాను. ఇంజను ముందుకు లాగే అవయవం మాత్రమే. ఆపేది, తిప్పేది, మోసేది వేరు. లాగే బలం పెంచి తక్కినవాటిని వదిలివేయడం నా అజ్ఞానం.

నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు. నేను సిగ్గుతో ఆ బండిని షెడ్డు వెనుక తార్పాలు కప్పి పడవేశాను. 2009లో నాన్నగారు స్వర్గస్థులయ్యారు. ఆయన గది సర్దుతుంటే మంచం క్రింద గోనెసంచులలో చుట్టిన బరువైన వస్తువులు కనబడ్డాయి. విప్పి చూస్తే నేను 1996లో పాత ఇనుముకు అమ్మివేయమని కుర్రవానికి చెప్పిన హెరాల్డు ఇంజను, గేరుబాక్సు. గ్రీజు పూసి, నూనెగుడ్డ చుట్టి ఉన్నాయి. పక్కన ఆ నోటు పుస్తకం ఉన్నది. చివరి పుటలో నేను ఇంజను తీసివేసిన తేదీ వేసి, "భద్రపరచడమైనది" అని మాత్రం వ్రాసి ఉన్నది.

ఆ పుస్తకం నాకు రెండవ పాఠశాల అయింది. 2013లో పని మొదలుపెట్టి, 2016 వరకు సెలవు దినాలలో మాత్రమే చేసి పూర్తి చేశాను. ఈసారి పాటించిన క్రమం చెబుతాను. ఎవరైనా ఇట్టి పనికి పూనుకొంటే ఉపయోగపడవచ్చును.

మొదట శరీరాన్ని చట్రం నుండి విడదీశాను. వేరుగా చట్రం ఉన్న కారు కావడం అదృష్టం. తుప్పు తిన్న భాగాలను తీసి, నేను కోసిన అడ్డుకమ్మీని అదే మందం గల ఉక్కుతో మరల అతికాను. చట్రం చదునుగా ఉన్నదా, మూల నుండి మూలకు కొలత సరిపోయినదా అని చూడకుండా ఏ కొత్త భాగాన్నీ ముట్టలేదు. చట్రం వంకరగా ఉంటే ఎంత ఖరీదైన భాగమైనా వంకరగానే పని చేస్తుంది.

రెండవది బ్రేకులు. ఇక్కడ స్పోర్ట్సు కారు నిజంగా ఆదుకొన్నది. హెరాల్డు చట్రాన్నే పొట్టిగా చేసి 1962లో ట్రయంఫ్ వారు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారును నిర్మించారు. దానికి ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు మొదటినుండీ ఉన్నాయి. రెండూ ఒకే వంశం గనుక ఆ డిస్కులు, క్యాలిపర్లు హెరాల్డుకు అమరుతాయి, కోతలు అక్కరలేదు. వాటి కొత్త ప్రతులు ఇంగ్లండులో నేటికీ తయారవుతున్నాయి. తెప్పించి బిగించాను. డిస్కు గాలిలో బహిరంగంగా తిరుగుతుంది కనుక త్వరగా చల్లారుతుంది. అయితే ముందు బ్రేకు బలపడితే వెనుక బ్రేకుతో తూకం చెడుతుంది. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకొంటే బండి అడ్డం తిరుగుతుంది. అందుచేత వెనుక సిలిండర్ల కొలతను సరిచూచి, ఖాళీ మైదానంలో ఇసుక మూటలు వేసి పరీక్షించి మరీ తృప్తిపడ్డాను. పాత మాస్టరు సిలిండరు ఒకే గొట్టపు వరుసతో నాలుగు చక్రాలకు ద్రవాన్ని పంపేది. ఒకచోట కారితే అన్నీ పోయినట్లే. దాని స్థానంలో ముందు చక్రాలకు ఒకటి, వెనుక చక్రాలకు ఒకటిగా రెండు వరుసలు గల సిలిండరు పెట్టాను.

మూడవది వెనుక కమాను. స్పిట్‌ఫైర్‌లో 1970 నుండి అడ్డకమాను కట్టలోని పట్టీలలో అధికభాగం మధ్యలో ఊగేటట్లు మార్చారు. దానివలన వంపులో చక్రం లోపలికి ముడుచుకొనే దోషం చాలావరకు తగ్గింది. అదే ఏర్పాటును అమర్చాను. నాలుగవది వాయువు నింపిన షాక్ అబ్సార్బర్లు, రేడియల్ టైర్లు. ఐదవది సీటు బెల్టులు. వాటి కొక్కేలను పలుచని నేలరేకుకు కాక చట్రానికి బిగించాను. ఆరవది డైనమోకు బదులు ఆల్టర్నేటరు. రాత్రివేళ దీపాలు, వర్షంలో వైపరు కలిసి పనిచేయాలంటే డైనమో చాలదు.

చిట్టచివరి వంతు ఇంజనుది. మా షెడ్డులోని కుర్రవాళ్ళు, "ఇప్పుడు బ్రేకులు బాగున్నాయి కదా, మళ్ళీ పెద్ద ఇంజను పెట్టుదాం" అన్నారు. వారి మాటలో తర్కం ఉన్నది. ఎం.ఎక్స్.-5 వంటి ఇంజను పెట్టవచ్చును. కాని దాని వెంట ఇంజను కూర్చునే దిమ్మలు, పెద్ద రేడియేటరు, కొత్త ప్రొపెల్లరు షాఫ్టు, ఇంధనాన్ని కొలిచి చిమ్మే కంప్యూటరు పెట్టె, దాని తీగలు అన్నీ రావాలి. హెరాల్డు డిఫరెన్షియలు 35 అశ్వశక్తికి చేసినది. మూడింతల బలానికి దాని పళ్ళు నిలువవు. దానిని మార్చితే ఇరుసులు మార్చాలి. ఇరుసులు మార్చితే చట్రం కోయాలి. గొలుసులో ఒక కడియాన్ని బలపరిస్తే తెగడం పక్క కడియానికి పోతుంది. అన్నీ మార్చిన తరువాత మిగిలేది హెరాల్డు రేకు మాత్రమే. అట్లా చేసేవారిని నేను తప్పుపట్టను. లెక్క కట్టి, అన్ని అవయవాలనూ సరితూచి చేసిన పనులను చూచి చేతులు జోడించాను కూడ. కాని నాకు కావలసినది మా నాన్నగారి కారు. గోనెసంచులలోని ఇంజనునే విప్పి, పిస్టను రింగులు, బేరింగులు మార్చి, నిప్పు పంచే డబ్బీలో ఎలక్ట్రానిక్ పరికరం మాత్రం చేర్చి బిగించాను.

తీసిన ప్రతి పాత భాగాన్నీ డబ్బాలో పెట్టి, ఎక్కడిది, ఎప్పుడు తీసినది తెలుగులో వ్రాసి అంటించాను. రేపు ఎవరైనా కోరితే ఒక వారంలో ఈ కారును 1966 నాటి స్థితికి మరల్చవచ్చును. ప్రపంచంలోని పాత వాహనాల సంఘాల సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన టురిన్ ఒడంబడిక సారం ఇంచుమించు ఇదేనని తరువాత తెలిసింది. పాత వాహనంలో మార్పు అవసరమైతే అది కంటికి కొట్టేటట్లు ఉండరాదు, దానికి వ్రాతపూర్వకమైన ఆధారం ఉండాలి, అసలు నిర్మాణాన్ని చెరపరాదు అన్నది ఆ భావం. జాగ్వార్ వారు కూడ తమ విద్యుత్ ఇ-టైప్‌లో బ్యాటరీని పాత ఇంజను పరిమాణానికి, బరువుకు దగ్గరగా రూపొందించి, కావాలంటే పాత ఇంజనును మరల పెట్టుకోవచ్చునన్నారు. ఏ ఒడంబడికా చదవని మా నాన్నగారు ఒక గోనెసంచితో ఆ పని చేశారు.

మన దేశ చట్టాన్ని కూడ ఇక్కడ ప్రస్తావించాలి. 1996లో నేను చట్టం ఏమి చెబుతున్నదో విచారించనే లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనపు మార్పులకు హద్దులు పెడుతున్నది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధమైన మార్పులు కూడవని 2019 జనవరిలో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. గుర్తింపు పొందిన పరికరాలతో విద్యుత్తుకో వాయు ఇంధనానికో మారడానికి మాత్రం నిబంధనలకు లోబడి అవకాశం ఉన్నది. 2021 జులైలో కేంద్రప్రభుత్వం ఏభై ఏళ్ళు దాటిన వాహనాలకు 'వింటేజి' హోదా కల్పించి ప్రత్యేక నమోదును ప్రవేశపెట్టింది. అందుకు చట్రం, శరీరం, ఇంజను గణనీయంగా మారి ఉండరాదు. కనుక పాత కారు గల మిత్రులు రంపం చేతపట్టే ముందు నిబంధనలు చదవవలసిందిగా ప్రార్థన. ఒకసారి కోసిన రేకుకు చరిత్ర తిరిగి రాదు.

విద్యార్థులకు రెండు మాటలు. యంత్రవిద్య తక్కువది అనుకోవద్దు. కోయంబత్తూరు ప్రాంతంలో తెలుగు మాతృభాషగా గల కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారు బడిచదువు ఎంతో చదివినవారు కారు. ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలును చూచి ముగ్ధులై, హోటలులో పని చేసి డబ్బు కూడబెట్టి, దానివంటి బండిని కొని, విప్పి, మరల బిగించి నేర్చుకొన్నారు. 1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచ్చి–పళని దారిలో రవాణా మొదలుపెట్టి గొప్ప సంస్థను నిర్మించారు. వారి పేరిట కోయంబత్తూరులో 2015 నుండి కార్ల ప్రదర్శనశాల నడుస్తున్నది. వీలైతే మీ తల్లిదండ్రులతో వెళ్ళి చూడండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మన ఊరిలో తెలుగు చదువు దేనికి పనికివస్తుందని మీలో కొందరు నన్ను అడిగారు. నేను బ్రతుకుతెరువు కొరకు తమిళం మాట్లాడాను. విడిభాగాల పట్టికల కొరకు ఇంగ్లీషు నేర్చుకొన్నాను. ఆ రెండూ నాకు అన్నం పెట్టాయి, వాటిని కాదనను. మీ పిల్లలకు అవి తప్పక నేర్పించండి. కాని గతిజశక్తి అంటే ఏమిటో నాకు అర్థమైనది తెలుగులో. ఏర్కాడు కొండ మీద పెడలు నేలకు తగిలిన క్షణంలో నా చెవిలో వినబడినది మాస్టారి తెలుగు గొంతే. అప్పటికి ఆలస్యమైంది, అది పాఠం దోషం కాదు. ఈ పాఠశాలలో కొత్త గదులు, కంప్యూటర్లు, కొత్త తరగతులు రావలసిందే. వాటిని చేర్చే పెద్దలను నేను కోరేది మా నాన్నగారు నన్ను అడిగిన దానివంటి చిన్న ప్రశ్న వేసుకొమ్మని మాత్రమే. చట్రం సరిగా ఉన్నదా అని ముందు చూడండి. తీసివేసిన దానిని పాత ఇనుముకు అమ్మకండి. డెబ్బది అయిదేళ్ళ హాజరు పట్టీలు, పాత పాఠ్యపుస్తకాలు, మాస్టార్లు చేతితో చేసిన ప్రయోగ పరికరాలు వెనుక గదిలో చెదలు పట్టి ఉన్నాయని విన్నాను. వాటిని ఎత్తి తుడిచి పేర్లు వ్రాసి భద్రపరచే పనికి వచ్చే ఆదివారం నుండి మా షెడ్డు కుర్రవాళ్ళతో కలిసి వస్తాను. మరికొందరు పూర్వ విద్యార్థులు తోడైతే నెలలో పూర్తి అవుతుంది.

చివరిగా ఒక సంగతి. ఆ హెరాల్డు ఈనాడు మన పాఠశాల ఆవరణలో వేపచెట్టు క్రింద నిలిచి ఉన్నది. సభ ముగిసిన తరువాత బానెట్ ఎత్తి చూపుతాను. పిల్లలు వచ్చి ముట్టుకొని చూడవచ్చును, ప్రశ్నలు వేయవచ్చును. 1996 తరువాత మా అక్కయ్య ఆ కారు ఎక్కలేదు. నేను రమ్మని అడగనూ లేదు. అడిగే అర్హత లేదనుకొన్నాను. నిన్న రాత్రి ఆమె తానే ఫోను చేసి, "రేపు బడికి నీతోనే వస్తాను, పాత దారినే తీసుకుపో" అన్నది. ఈ ఉదయం ముందు సీటులో కూర్చుండి, వంకర చేతితో తానే బెల్టు పెట్టుకొన్నది. దారిలో ఒక కూడలి వద్ద నేను మెల్లగా బ్రేకు నొక్కాను. బండి నిలిచింది. "ఆగుతుంది" అన్నది. ఆ మాట వినడానికి నాన్నగారు లేరు. ఆమె ఈ సభలో మొదటి వరుసలోనే కూర్చొని ఉన్నది. ఇరవై తొమ్మిదేళ్ళుగా చెప్పలేకపోయిన క్షమాపణను మీ అందరి ఎదుట ఆమెకు చెప్పుకొంటున్నాను.

మన పాఠశాల శతవార్షికోత్సవాన్ని ఈ పిల్లలు ఇదే వేదిక మీద జరుపుకోవాలని ఆకాంక్షిస్తూ సెలవు తీసుకొంటున్నాను.